"గ్లూటెన్ ఫ్రీ" ఐరన్ పౌడర్ కొంటున్నారా? ఆ స్టిక్కర్ గీకి చూడండి (బెంగళూరు వాళ్ళు ముఖ్యంగా)

మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ ఐరన్ పౌడర్ ఎవరైనా తెప్పించుకుని ఉంటే, ముఖ్యంగా సీలియాక్ (గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తగిలితే పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళు, దయచేసి డబ్బా మూత తీయకండి. ఇప్పటికే తాగుతుంటే ఇవాళే ఆపేయండి. అమ్మే ఆవిడ పేరు రాయను. రాస్తే రేపు నాకే నోటీసు పంపిస్తానంటుంది. ఇన్‌స్టాలో పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళ గ్లాసు పట్టుకుని "హాయ్ అక్కలూ" అంటూ మొదలుపెట్టే ఆవిడ అంటే సగం మందికి అర్థమైపోయే ఉంటుంది. మారతహళ్ళి, కుందలహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఆవిడ డబ్బా లేని వంటిల్లు వెతుక్కోవాలి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. నాకు సీలియాక్. "అది నార్త్ వాళ్ళ జబ్బు కదా, అన్నం తినేవాళ్ళకి ఎలా వచ్చింది?" అని అడగబోయే వాళ్ళకి ముందే దండం. మన వైపు తక్కువే కానీ రాకూడదని రూలేమీ లేదు. గోధుమ, బార్లీ, రై మూడూ బంద్. అన్నం తినేవాళ్ళకి గోధుమ మానడం ఎంతసేపు అనుకుంటారు. బజార్లో దొరికే ఇంగువ డబ్బాల్లో చాలా వాటికి మైదానో గోధుమపిండో కలుపుతారు, అంటే హోటల్ సాంబారు పోయింది. రవ్వ ఇడ్లీలో వేసే బొంబాయి రవ్వ గోధుమదే. రాగుల్లో గ్లూటెన్ లేదు కానీ మరపట్టించే మిల్లులో అంతకుముందు పట్టింది గోధుమలే. ఇలా బతుకుతున్నా.

ఈ జబ్బుకీ ఐరన్‌కీ పాత పగ. తిన్న ఐరన్ ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. సీలియాక్ దెబ్బ కొట్టేదీ సరిగ్గా అక్కడే. అందుకే నా హిమోగ్లోబిన్ 8.4, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 6. మెట్లెక్కితే గుండె దడ, దువ్వెన నిండా జుట్టు. డాక్టర్ గారు ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్ర రాశారు. అది వేసుకుంటే కడుపులో తిప్పు, నోట్లో తుప్పు రుచి, ఆపైన మలబద్ధకం. పడకపోతే చెప్పమ్మా, ఐరన్ సెలైన్ ఎక్కిద్దాం అన్నారు. సూదంటే నాకు భయం, సెలైన్ బిల్లంటే మా ఆయనకి భయం. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఆవిడ ప్రత్యక్షం. "మాత్రలు పడని అక్కల కోసమే చేయించాను. కడుపుకి చల్లన. నూటికి నూరు శాతం గ్లూటెన్ ఫ్రీ."

కొనేముందు మెసేజ్ పెట్టి అడిగాను. నాకు సీలియాక్ ఉంది, అలర్జీ లాంటిది కాదు, చిటికెడు తగిలినా పేగు పాడవుతుంది, బార్లీ గానీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) గానీ ఉందా అని విడమరిచి అడిగాను. "అక్కా, మా అమ్మకి కూడా ఇదే ఇస్తున్నా, కళ్ళు మూసుకుని తీసుకోండి" అని జవాబు. పక్కన రెండు దండాల బొమ్మలు, ఒక ఎర్ర గుండె. డబ్బా 1,450 రూపాయలు, రెండైతే 2,600. కళ్ళు మూసుకోమన్నారు కదా, మూసుకుని రెండు కొన్నా. ఇంగువ డబ్బా వెనక అక్షరాలు ఫోన్‌లో జూమ్ చేసి చదివే మనిషిని. ఏం తెలివో నాది!

తాగడం మొదలుపెట్టిన వారంలోనే మొదలైంది. పొట్ట డోలులా ఉబ్బడం, మోషన్స్, మోకాళ్ళలో నీరసం, చెయ్యి లేపితే బరువు. ఐరన్‌తో మలం నల్లగా రావడం, బిగుసుకుపోవడం మామూలే, అది నాకూ తెలుసు. ఇది అది కాదు. ఆవిడకి మెసేజ్ పెడితే పొడుగాటి జవాబు వచ్చింది. "అక్కా ఇది డీటాక్స్ ఫేజ్. లోపలున్న చెత్తంతా పోతోంది. ఐరన్ ఒంటికి పడుతోందనడానికి గుర్తు. డోసు పెంచండి." పెంచలేదు, అంతవరకు దేవుడు బుద్ధినిచ్చాడు. కానీ ఆపలేదు కూడా. ఎందుకంటే డబ్బా మీద ఆకుపచ్చ స్టిక్కర్, దానిమీద గోధుమ కంకికి అడ్డగీత కనిపిస్తున్నాయి కదా. బయట ఏం తిన్నానో, ఎక్కడ తగిలిందో అని ఇల్లంతా వెతికా. అత్తగారి చపాతీ పీటని అనుమానించా. పాపం ఆవిడ, నా కోసం చపాతీలు చేయడమే మానేసింది.

అసలు సంగతి స్టిక్కరే బయటపెట్టింది. గిన్నెలు తోముతూ తడి చేత్తో డబ్బా జరిపాను. స్టిక్కర్ మూల కొంచెం లేచింది. కింద ఇంకో లేబుల్ ఉంది, అక్షరాలు అచ్చులో ఉన్నాయి. మా ఆయన హెయిర్ డ్రయర్ తెచ్చి వేడి పట్టించాడు, నేను గోటితో మెల్లగా లాగాను. మొదట కనిపించింది "మాల్టెడ్ బార్లీ". ఇంకాస్త లాగితే "గోధుమ పిండి", తర్వాత చక్కెర, పాలపొడి, కోకో. అడుగున బోల్డ్‌లో, "గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు కలిసి ఉన్నాయి" అని ఇంగ్లీషులో అలర్జీ హెచ్చరిక. చట్టం ప్రకారం వేయాల్సిన ఆ లైను తయారుచేసినవాడు బుద్ధిగా వేశాడు. ఈవిడ కొలత తీసి, సరిగ్గా ఆ లైను మీదే తన గ్లూటెన్ ఫ్రీ స్టిక్కర్ అంటించింది. ఎక్కడో హోల్‌సేల్‌లో కొన్న మామూలు చాక్లెట్ పాలపొడి అది. పిల్లలు పాలల్లో కలుపుకుని తాగే సరుకు. మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రూలు. ఇక్కడ పదార్థాల పట్టికలో మొదటి పేరే బార్లీ!

ఇంకో తమాషా. స్కూపుకి ఐరన్ ఎంతో తెలుసా? 5 మిల్లీగ్రాములు. మన దేశంలో ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లో చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ లెక్క అది. నాకు డాక్టర్ రాసిన ఒక్క మాత్రలో 100 ఉంది. పైగా దీన్ని "వేడి పాలల్లో కలుపుకుని తాగండి" అని ఆవిడ సలహా. పాలల్లోని కాల్షియం ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. పేగు దెబ్బతిన్న సీలియాక్ వాళ్ళలో చాలామందికి మొదట్లో పాలే అరగవు. అంటే కావాల్సింది ఏదీ లేదు, ఉండకూడనిది అంతా ఉంది.

ఇక నన్ను నిజంగా కాల్చిన సంగతికి వస్తా. డబ్బు పోయింది, కడుపు పాడైంది, అవి ఒక ఎత్తు. ఇది ఇంకో ఎత్తు.

లేబుల్ ఫోటోలు తీసి పంపాను. మర్యాదగానే రాశాను, "అమ్మా, ఇది పొరపాటున జరిగిందా, వివరంగా చెప్పండి" అని. నీలం టిక్కులు పడ్డాయి. కాసేపటికి ఆవిడ నుంచి వాయిస్ మెసేజ్. నొక్కాను. వీడియోల్లో తేనె కారే గొంతు కదా, ఇది వేరే గొంతు. "ఒరేయ్, ఆ మోషన్స్ ఆవిడ మళ్ళీ తగులుకుంది రా. స్టిక్కర్ పీకిందంట. ఆ డీటాక్స్ మెసేజే ఇంకోసారి కొట్టి పడెయ్. ఎక్కువ వాగితే బ్లాక్ చెయ్." వెనకాల ఎవరో కుర్రాడు నవ్వుతున్నాడు. ప్యాకింగ్ టేపు చరచరా లాగుతున్న చప్పుడు కూడా వినిపించింది. ఇంకో అక్కకి డబ్బా తయారవుతోందన్నమాట.

మోషన్స్ ఆవిడ. నా పేరు అది. బాత్రూమ్ దాకా వెళ్ళలేక గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి వాళ్ళకి టైమ్‌పాస్. నేను రెండోసారి వినేలోపు మెసేజ్ డిలీట్ అయింది. కానీ మా ఆయన పక్కనే కూర్చుని విన్నాడు. వెంటనే ఇంకో మెసేజ్, పాత తేనె గొంతుతో, "సారీ అక్కా, అది వేరే కస్టమర్ గురించి." ఓహో, వేరే కస్టమర్‌కి కూడా మోషన్సే, వేరే కస్టమర్ కూడా స్టిక్కర్ పీకిందా అని అడిగాను. జవాబు లేదు. డీపీ మాయం. బ్లాక్!

ఆవిడ పౌడర్ తిరిగే వాట్సాప్ గ్రూపులో ఇదంతా ఫోటోలతో పెట్టాను. అడ్మిన్ గారు డిలీట్ చేసి, "పర్సనల్ గొడవలు గ్రూపులో వద్దు" అని నాకే హితబోధ. తర్వాత తెలిసింది, అడ్మిన్‌కి డబ్బాకి ఇంత అని కమిషన్ ఉందట. ఇద్దరు ముగ్గురు అక్కలు మాత్రం విడిగా మెసేజ్ పెట్టారు, మాకూ పొట్ట ఉబ్బుతోంది, డీటాక్స్ అనుకున్నాం అని. వాళ్ళలో ఒకావిడ తన పదేళ్ళ పాపకి ఇస్తోంది. పాపకి సీలియాక్. అది చదివాక నాకు చేతులు వణికాయి. నాకు కోపం తగ్గకపోవడానికి అసలు కారణం కూడా ఆ పాపే.

స్టిక్కర్ మీదున్న 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ని వాళ్ళ లైసెన్సుల సైట్ ఫాస్కాస్ (FoSCoS)లో కొట్టి చూశాను. ఎవరైనా చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు. అది ఎవరో పచ్చళ్ళు పెట్టుకునే వాళ్ళకి ఇచ్చిన రిజిస్ట్రేషన్. పాపం వాళ్ళకి ఈ సంగతి తెలుసో లేదో.

డాక్టర్ గారి దగ్గరికి డబ్బా పట్టుకునే వెళ్ళాను. నెలల తరబడి నోరు కట్టుకుంటే దిగిన టీటీజీ (సీలియాక్ వాళ్ళకి గ్లూటెన్ తగిలితే పెరిగే రక్తపరీక్ష అంకె) మళ్ళీ ఎక్కింది. హిమోగ్లోబిన్ పెరగలేదు సరికదా, 8.1కి దిగింది. ఆయన తిట్టలేదు, లేబుల్ మొత్తం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇక సెలైనే. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ మందు ఎక్కించారు, మందు ఎక్కడానికి పావుగంట, ఆ తర్వాత అరగంట కూర్చోబెట్టి చూశారు, అంతే. ఈ పావుగంటకి భయపడి నేను అన్ని స్కూపులు బార్లీ తాగాను. మాత్ర గురించి కూడా అప్పుడే చెప్పారు. పడనివాళ్ళు రోజూ కాకుండా రోజు విడిచి రోజు వేసుకోవచ్చు, డాక్టర్ని అడిగి మందు రకమూ మార్చుకోవచ్చు. నిమ్మరసంతో మంచిది, కాఫీ టీలకి మాత్రం దూరంగా వేసుకోవాలి. ఇదంతా ముందే అడిగి ఉంటే బాగుండేది, కానీ మనకి రీల్స్ చెప్తేనే కదా ఎక్కేది.

కంప్లైంట్ సంగతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులో మాట్లాడారు. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫోటోలన్నీ ఎక్కించాను. తప్పుడు లేబుల్‌కి 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 3 లక్షల దాకా జరిమానా ఉంది, తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా. వేస్తారా లేదా అన్నది వాళ్ళిష్టం. నేను యూపీఐలో కట్టాను, అదీ ఆవిడ తమ్ముడి పర్సనల్ నంబర్‌కి, కాబట్టి డబ్బు వెనక్కి వస్తుందన్న ఆశ పెట్టుకోలేదు. బిల్లు అడిగితే "అక్కా మనలో మనకి బిల్లేంటి" అంది. అప్పుడు ముచ్చటేసింది కూడా!

మీరు ఇలాంటివి కొనేటట్టయితే డబ్బా వెనక పదార్థాలు చదవండి, మాల్ట్, బార్లీ, గోధుమ ఏ రూపంలో ఉన్నా వద్దు. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే అక్కడే ఆగండి. లైసెన్స్ నంబర్ కొట్టి చూడండి. ఐరన్ ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. బిల్లు ఇవ్వనివాళ్ళకి డబ్బు వేయకండి. సీలియాక్, క్రోన్స్, కొలైటిస్ లాంటి పేగు జబ్బు ఏది ఉన్నా డాక్టర్‌తో చెప్పకుండా ఐరన్ మార్చకండి, రీల్స్ చేసే ఆవిడకి మీ పేగు సంగతి తెలియదు.

ఆ డబ్బా ఇంట్లో ఉన్నవాళ్ళు పారేయకండి. హెయిర్ డ్రయర్ రెండు నిమిషాలు పట్టిస్తే స్టిక్కర్ చిరగకుండా వస్తుంది. పై లేబుల్, కింది లేబుల్, బ్యాచ్ నంబర్ మూడూ కనపడేలా ఫోటో తీసి, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్‌తో పాటు నాకు మెసేజ్ పెట్టండి. ఒక్కదాని కంప్లైంట్ అయితే మూలన పడేస్తారు, పది మందివి కలిపి ఇస్తే కనీసం తీసి చూస్తారు. పదేళ్ళ పాప వాళ్ళమ్మగారు ఇప్పటికే పంపారు. వచ్చే సోమవారం ఫుడ్ సేఫ్టీ ఆఫీసుకి నేనే స్వయంగా వెళ్తున్నా, ఆదివారం రాత్రిలోపు పంపితే మీవీ ప్రింట్ తీయించి పట్టుకెళ్తా.