హిట్లర్‌ను గద్దెనెక్కించింది ఏది: రేడియోనా, సభలా, పత్రికలా?

ఫాసిజం ప్రచారం గురించి మాట వస్తే చాలు, నాజీల ప్రచార మంత్రి గోబెల్స్ పేరూ రేడియో పేరూ జంటగా వినిపిస్తాయి. రేడియో లేకపోతే హిట్లర్ లేడన్నంత ధీమాగా చెప్పేవాళ్లు చాలామంది. ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. అధికారంలోకి రావడానికి ఏది పనికొచ్చిందన్నది ఒక ప్రశ్న. వచ్చాక జనాన్ని గుప్పిట్లో పెట్టుకోవడానికి ఏది పనికొచ్చిందన్నది మరో ప్రశ్న. ఈ రెండూ కలగాపులగం అయిపోవడంతో అసలు దోషుల్లో కొందరు తప్పించుకుపోతున్నారు.

ముందు ఇటలీ సంగతి. ముస్సోలినీ ప్రధాని అయింది 1922 అక్టోబరులో. ఇటలీలో రేడియో ప్రసారాలు మొదలైంది 1924లో. అంటే మొట్టమొదటి ఫాసిస్టు ప్రభుత్వం రేడియో ఊసే లేకుండా ఏర్పడింది. ముస్సోలినీ చేతిలో ఉన్నది పత్రిక. సోషలిస్టు పార్టీ పత్రిక 'అవాంతి'కి సంపాదకుడిగా పనిచేసి, మొదటి ప్రపంచ యుద్ధంలో చేరాలా వద్దా అన్న దగ్గర పార్టీతో తెగతెంపులయ్యాక 1914 నవంబరులో 'ఇల్ పోపొలో దిటాలియా' పేరుతో సొంత పత్రిక పెట్టుకున్నాడు. పత్రికకు తోడు దౌర్జన్యం. 1919 ఏప్రిల్‌లో మిలాన్‌లోని 'అవాంతి' కార్యాలయాన్ని ఫాసిస్టులూ వాళ్ల మిత్రులూ కలిసి తగలబెట్టారు. తాను ఒకప్పుడు సంపాదకుడిగా కూర్చున్న పత్రిక అది.

ఇక జర్మనీ. అక్కడ రేడియో 1923లోనే మొదలైంది, 1933 నాటికి లైసెన్సున్న సెట్లు నలభై లక్షలు దాటాయి. కానీ అది ప్రభుత్వం అదుపులో నడిచేది. 1932 వేసవిలో ఛాన్సలర్ (అంటే ప్రధాని) పాపెన్ ప్రభుత్వం ఎన్నికల ప్రసంగాల కోసం తలుపు కాస్త తెరిచేదాకా నాజీలకు అందులో దాదాపు చోటే లేదు. హిట్లర్ గొంతు రేడియోలో దేశమంతటికీ మొదటిసారి వినిపించింది 1933 ఫిబ్రవరి 1న, ఛాన్సలర్ అయిన మూడో రోజున. అప్పటికే, అంటే 1932 జులై ఎన్నికల్లోనే, అతని పార్టీ 37.3 శాతం ఓట్లతో, 230 సీట్లతో పార్లమెంటులో అతి పెద్ద పార్టీ అయి కూర్చుంది.

2015లో కొందరు ఆర్థికవేత్తలు ఆనాటి రేడియో సిగ్నల్ ఎక్కడెక్కడ బాగా అందేదో లెక్కగట్టి, ఓట్లతో పోల్చి చూశారు. నాజీ వ్యతిరేక ధోరణిలో ప్రసారాలు నడిచిన రోజుల్లో, రేడియో బాగా వినిపించిన ప్రాంతాల్లో నాజీల ఓట్ల పెరుగుదల కాస్త నెమ్మదించిందట. రేడియో వాళ్ల చేతికి చిక్కగానే, కొన్ని వారాల్లోనే, 1933 మార్చి ఎన్నికల నాటికి లెక్క తిరగబడింది. ఈ పరిశోధనలో నన్ను కలవరపెట్టిన విషయం ఇంకొకటుంది. యూదు వ్యతిరేక ప్రచారం అప్పటికే ఆ ద్వేషం వేళ్లూనుకున్న ఊళ్లలో బాగా పనిచేసింది, ఆ ద్వేషం లేనిచోట ఎదురుతన్నింది. విషం ఎంత మోతాదులో ఎక్కించారన్నదే కాదు, ఎవరికి ఎక్కించారన్నదీ ముఖ్యమే.

అధికారం వచ్చాక మాత్రం రేడియోకు సాటిలేదు. 1933 ఆగస్టులో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ప్రజల రేడియో అంటూ ఒక సెట్టు బయటపెట్టారు. మోడల్ పేరు వీఈ 301. హిట్లర్ ఛాన్సలర్ అయిన జనవరి 30కి గుర్తుగా ఆ అంకె. ధర 76 మార్కులు, అప్పటి మామూలు సెట్ల కంటే బాగా చవక. 1938లో 35 మార్కులకే ఇంకా చిన్న సెట్టు వచ్చింది. రేడియో లేనివాళ్లను కూడా వదల్లేదు, ఫ్యాక్టరీల్లో, కూడళ్లలో లౌడ్‌స్పీకర్లు పెట్టి వినిపించారు. 1939లో యుద్ధం మొదలైన రోజునే విదేశీ స్టేషన్లు వినడాన్ని నేరం చేశారు. స్టేషన్ మార్చే మీటకు ఒక చిన్న అట్టముక్క తగిలించేవారు, విదేశీ ప్రసారాలు వింటే కఠిన శిక్ష తప్పదని దాని మీద అచ్చువేసి. సొంత ఇంట్లో, సొంత రేడియో మీట తిప్పబోయిన ప్రతిసారీ ఆ హెచ్చరిక వేలికి తగిలేది. జనం నోరు నొక్కడంలో, చెవులు మూయించడంలో రేడియోది పైచేయి. ఓట్లు తెచ్చిన ఘనత మాత్రం దానిది కాదు.

మరి సభలు? రాసిన మాట కంటే నోటి మాటే బలమైనదని హిట్లర్ తన పుస్తకంలోనే గట్టిగా వాదించాడు. 1932 ఏప్రిల్‌లో విమానమెక్కి ఊరూరా తిరిగి రోజుకు నాలుగైదు సభల్లో మాట్లాడాడు. ఆ రోజుల్లో అది జనానికి వింతే. అయితే 2018లో ఇద్దరు రాజనీతి పరిశోధకులు అతను మాట్లాడిన ఊళ్లనూ, మాట్లాడని ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, అతని ప్రసంగాలు ఓట్లను కదిలించింది చాలా తక్కువని తేలింది. కొంతైనా ప్రభావం కనిపించింది 1932 అధ్యక్ష ఎన్నికల రెండో విడతలో మాత్రమే. 'మాటల మాంత్రికుడు' అన్న బిరుదును నాజీలే తగిలించారు, మనం ఇప్పటికీ దాన్నే మోస్తున్నాం.

నా దృష్టిలో సభల బలం హిట్లర్ గొంతులో కాదు, ఎవరికీ పేరు తెలియని వక్తల్లో ఉంది. ఫ్రిట్జ్ రైన్‌హార్ట్ అనే పార్టీ నాయకుడు పోస్టు ద్వారా పాఠాలు పంపి వేలమందికి ఉపన్యాసాల్లో శిక్షణ ఇచ్చాడు. ఏం మాట్లాడాలో, ఎవరైనా ఫలానా ప్రశ్న అడిగితే ఏం జవాబు చెప్పాలో అంతా ముందే రాసిచ్చేవారు. ఎన్నికలు లేని నెలల్లో కూడా చిన్న ఊళ్లలో సభలు జరిగేవి. సభకు ప్రవేశ రుసుము ఉండేది, పార్టీ ఖర్చుల్లో చాలా భాగం దానిమీదే వెళ్లేది. మిగతా పార్టీలు ఎన్నికలప్పుడే మొహం చూపించే ఊరికి వీళ్లు ఏడాది పొడుగునా వెళ్లారు. రైతుకు అప్పుల గురించి, చిన్న దుకాణదారుకు పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల గురించి, ఎవరి మంట వాళ్ల దగ్గర ఎత్తారు.

అయినా 1928లో ఈ పార్టీకి వచ్చింది 2.6 శాతం, 12 సీట్లు. రెండేళ్లు తిరిగేసరికి 18.3 శాతం, 107 సీట్లు. మధ్యలో ఆర్థిక మాంద్యం వచ్చిపడింది, అది అన్నిటికంటే పెద్ద కారణం. అయితే మాంద్యంతో మండిపోతున్నవాడు వేరే పార్టీల వైపు కాకుండా ఇటే ఎందుకు చూశాడన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నా మటుకు నేను పత్రికల వైపే వేలు చూపిస్తాను. పార్టీ సొంత పత్రికల వైపు కాదు.

సొంత పత్రికలు నిజానికి బక్కవి. 1933లో జర్మనీలో దిన, వారపత్రికలు 4,700 పైచిలుకు ఉంటే, నాజీల చేతిలో ఉన్నవి మూడు శాతం లోపే. వాళ్లకు పీట వేసింది పెద్దమనుషుల పత్రికలు. ఆల్‌ఫ్రెడ్ హుగెన్‌బర్గ్ ఆయుధాల కంపెనీ క్రుప్‌లో పెద్ద హోదాలో పనిచేసినవాడు. బెర్లిన్‌లో షెర్ల్ పత్రికా సంస్థ, వార్తలు సరఫరా చేసే టెలిగ్రాఫెన్-యూనియన్, 1927 నుంచి ఉఫా సినిమా కంపెనీ, అన్నీ ఆయన గుప్పిట్లోనివే. 1928లో జర్మన్ జాతీయవాద పార్టీకి అధ్యక్షుడూ అయ్యాడు.

ఆయన అసలు సత్తా బెర్లిన్‌లో కంటే చిన్న పట్టణాల్లో కనిపిస్తుంది. విలేఖరులను పెట్టుకునే స్థోమత లేని చిన్న పత్రికలకు ఆయన సంస్థలు తయారు చేసిన వార్తలు, సంపాదకీయాలు, నేరుగా అచ్చుకెక్కించే అచ్చుమూసలతో సహా చవగ్గా పంపేవి. పైన పేరు మాత్రం ఊరి పత్రికదే, లోపలి మాట హుగెన్‌బర్గ్‌ది. తాతల కాలం నుంచి ఇంటికి వస్తున్న పత్రిక కాబట్టి పాఠకుడికి అనుమానం రాదు. గణతంత్రం పనికిరాదనీ, మార్క్సిస్టులు దేశాన్ని అమ్మేశారనీ అక్కడ రోజూ చదివినవాడికి, ఊరి హాల్లో నాజీ వక్త అదే మాట గట్టిగా అరిస్తే కొత్తగా అనిపించదు. బెర్లిన్ ఉదారవాద పత్రికలు నాజీలను ఎండగడుతూనే ఉన్నాయి, కానీ నాజీల ఓట్లు ఎక్కువగా పెరిగింది ఉత్తరాదిలోని ప్రొటెస్టెంట్ పల్లెల్లో, చిన్న పట్టణాల్లో.

1929లో, మొదటి ప్రపంచ యుద్ధానికి జర్మనీ కట్టాల్సిన పరిహారాలను తేల్చిన యంగ్ ప్రణాళికకు వ్యతిరేకంగా హుగెన్‌బర్గ్ ఉద్యమం పెట్టి హిట్లర్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. డిసెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో చిత్తుగా ఓడిపోయారు. కానీ అప్పటిదాకా వీధి రౌడీల నాయకుడిగా కనిపించిన మనిషి, మర్యాదస్తులు చదివే పేజీల్లోకి నడిచివచ్చాడు. 1933 జనవరిలో హిట్లర్ తొలి మంత్రివర్గంలో హుగెన్‌బర్గ్ ఆర్థిక వ్యవహారాల మంత్రి. తన చెప్పుచేతల్లో ఉంటాడనుకున్నవాడు ఆ జూన్‌లోనే ఆయన్ని రాజీనామా చేయించి పంపించేశాడు.

సినిమా గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దాని వంతు ఆలస్యంగా వచ్చింది. 1940లో యూదుల మీద తీసిన 'డాక్యుమెంటరీ' జనం లేక చతికిలబడితే, అదే ఏడాది కథాచిత్రంగా వచ్చిన 'యూద్ జ్యూస్'ను రెండు కోట్ల మందికి పైగా చూశారు. ఆసక్తిగా కథ చెబితే ద్వేషం సులువుగా లోపలికి దిగుతుందని గోబెల్స్‌కు బాగా తెలుసు.

కాబట్టి పైకి రావడానికి పత్రికలదే మొదటి స్థానం, రెండోది ఊరి సభలు. పట్టు బిగించడానికి రేడియో. ఏ మాధ్యమమూ హిట్లర్‌ను కుర్చీలో కూర్చోబెట్టలేదన్నదీ నిజమే. 1932 నవంబరులో నాజీల ఓట్లు 33.1 శాతానికి పడిపోయాయి. ఛాన్సలర్‌ను చేసింది దేశాధ్యక్షుడు హిండెన్‌బర్గ్, ఆయన చుట్టూ ఉన్న పెద్దల బేరసారాలు.

పత్రికలకు మొదటి స్థానం ఎందుకంటే, నాజీలే అలా అనుకున్నారు. 1933 ఫిబ్రవరి 4న పత్రికలను మూయించే ఆర్డినెన్స్ వచ్చింది. ఫిబ్రవరి 28న పత్రికా స్వేచ్ఛనే రద్దు చేశారు. ఏళ్ల తరబడి హిట్లర్‌ను నిలదీసిన మ్యూనిక్ పత్రిక 'మ్యూన్షెనర్ పోస్ట్' కార్యాలయాన్ని మార్చి 9న ధ్వంసం చేశారు. అదే రోజు, అదే ఊళ్లో మరో పత్రిక సంపాదకుడు ఫ్రిట్జ్ గెర్లిష్‌ను అరెస్టు చేశారు. మరుసటి ఏడాది డాహౌ నిర్బంధ శిబిరంలో ఆయన్ని చంపేశారు. చవక రేడియో సెట్టు దుకాణాల్లోకి వచ్చేసరికి ఎదురు చెప్పే పత్రికలు చాలామటుకు మూతపడి నెలలు గడిచాయి.