మిద్దె మీదికి పిచ్చుక గూళ్లు కొంటున్నారా? ఈ రంగుల పెట్టెలతో జాగ్రత్త

మార్చి 20, ప్రపంచ పిచ్చుకల దినం దగ్గర పడే కొద్దీ తిరుపతిలో రోడ్ల పక్కన, ఎగ్జిబిషన్లలో, నర్సరీల గేట్ల దగ్గర రంగురంగుల పక్షి గూళ్లు వేలాడుతుంటాయి. కొనేముందు ఇది ఒకసారి చదవండి. పోయినేడాది అలాంటివి రెండు కొన్నాను, ఒక్కోటి 650 రూపాయలు. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, ఎందుకంటే అదే సరుకు ఊళ్లో చాలాచోట్ల చూశాను.

అమ్మినాయన చెప్పింది ఇదీ: "అక్కా, ఎర్రచందనం పొట్టుతో చేసిన బోర్డు, చెద పట్టదు, తడిసినా ఏం కాదు, ఎండలోనైనా తగిలించుకోవచ్చు. బుల్‌బుల్, తేనెపిట్ట, గిజిగాడు అన్నీ వస్తాయి." ఎర్రచందనం మాట వదిలేయండి, నిజంగా అదే అయితే మనకంటే ముందు ఫారెస్టు వాళ్లే ఆ బండి దగ్గర ఉండేవాళ్లు. పక్షుల మాట మాత్రం పచ్చి అబద్ధం. తేనెపిట్ట సన్న కొమ్మ చివర సంచిలాంటి గూడు వేలాడదీస్తుంది, బుల్‌బుల్ పొదలో గిన్నెలా కట్టుకుంటుంది, గిజిగాడు ఈత చెట్లకో బావి మీదికి వంగిన కొమ్మలకో తానే అల్లుకుంటుంది. ఇవేవీ పెట్టెలోకి రావు. తొర్రల్లో, గోడ కన్నాల్లో గుడ్లు పెట్టే పిచ్చుక, గోరువంక, నల్లంచి లాంటివే వస్తాయి.

మా అత్త ముచ్చటపడి ఒకటి మిద్దె మెట్ల పక్కన గోడకు కొట్టించింది, ఇంకోటి పెరట్లో జామచెట్టుకు కట్టించింది. గోడకున్న దాంట్లోకి పిచ్చుకల జత వచ్చింది, గడ్డి మోసింది, గుడ్లు పెట్టింది, పిల్లలు లేచాయి. తెల్లారితే చాలు ఒకటే కిచకిచలు. తర్వాత మే వచ్చింది. ఆ పెట్టె పైకప్పు రేకు, దాని మీద ముదురు ఎరుపు ఎనామిల్ రంగు, గోడలు అట్టకంటే కాస్త మందం, గాలి ఆడటానికి పైన సందు లేదు, అడుగున ఒక్క చిల్లు లేదు. 42 డిగ్రీలు దాటే రోజులు మన ఊరికి కొత్త కాదు కదా, మధ్యాహ్నం దాటాక పడమటెండ తగిలితే అది ఇడ్లీ పాత్రే. పెద్ద పిచ్చుకలు బయటికి ఎగిరిపోగలవు, ఈకలు కూడా సరిగ్గా రాని పిల్లలు ఎక్కడికి పోతాయి? పైగా కన్నం అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులోనే ఉంది. గాలి కోసం కన్నం దగ్గరికి వచ్చిన రెండు పిల్లలు కింద సిమెంటు మీద పడి చచ్చిపోయాయి, మిగిలినవి లోపలే పోయాయి. శుభ్రం చేద్దామంటే తెరవడానికి మూత లేదు, అన్ని పక్కలా జిగురుతో అంటించేశారు. సుత్తితో పగలగొట్టాం. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

జామచెట్టు పెట్టె కథ చిన్నదే. కన్నం కింద కూర్చోవడానికని ఒక పుల్ల గుచ్చారు, దాని మీద కాకి కూర్చుని లోపలికి ముక్కు పెట్టి చూసేది. పిచ్చుకకు ఆ పుల్లతో పనే లేదు, అది సరాసరి కన్నానికే వాలుతుంది. నవంబరులో ముసురు పట్టగానే బోర్డు ఉబ్బి అడుగు ఊడిపోయింది, "ఎర్రచందనం" రంగంతా చెట్టు మొదలు దాకా కారింది. 2021 నవంబరులో పడ్డంత వాన కూడా కాదు, మామూలు ముసురే.

పిల్లలు చచ్చిపోయాక వెళ్లి అడిగితే ఆయన జవాబు: "పక్షులు వస్తాయన్నాను, వచ్చాయి కదక్కా." వాడిన సరుకు వాపసు తీసుకోడట. అంతటితో ఆగకుండా, బాధగా ఉంటే రామచిలుకల జత తెచ్చిస్తానన్నాడు! 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం రామచిలుకల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టుకోవడం అన్నీ నేరమే, ఎవరైనా మీతో ఈ మాట అంటే అక్కడి నుంచి వచ్చేయండి. నాకు బిల్లు ఇవ్వలేదు, స్కాన్ చేసి కట్టిన డబ్బులకు ఫోన్‌లో ఉన్న రికార్డు ఒక్కటే ఆధారం. మీరు మాత్రం బిల్లు అడిగి తీసుకోండి, గొడవ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

కొనాల్సి వస్తే ముందు మూత తీసి చూపించమనండి. తర్వాత జేబులోంచి పది రూపాయల బిళ్ల తీసి కన్నం మధ్యలో పెట్టి చూడండి. బిళ్ల అడ్డకొలత 27 మిల్లీమీటర్లు, పిచ్చుకకు 32 మిల్లీమీటర్ల కన్నం సరిపోతుంది, అంటే బిళ్ల చుట్టూ సన్నటి సందు మిగలాలి, అంతే. అంతకంటే బాగా పెద్దదైతే గోరువంకలు దూరి పిచ్చుకల్ని తరిమేస్తాయి. కన్నం అడుగు నుంచి ఐదారు అంగుళాల పైన ఉండాలి, చెక్క ముప్పావు అంగుళం మందం ఉంటే వేడి అంత తొందరగా లోపలికి దిగదు. లోపల రంగు, వార్నీషు ఉండకూడదు, నున్నగా ఉంటే పిల్లలకు పైకెక్కడానికి పట్టు దొరకదు. నన్నడిగితే ఇవన్నీ వెతుక్కునే కంటే తెలిసిన కార్పెంటరుకు కొలతలు చెప్పి, మిగిలిన టేకు ముక్కలతోనో వేప చెక్కతోనో చేయించుకోవడం మేలు. ఉత్తరానికో తూర్పుకో మొహం పెట్టి, ఎనిమిది పది అడుగుల ఎత్తులో, పిల్లికి అందకుండా, నీడపట్టున కొట్టించండి.

ఇప్పటికే ఈ రంగుల పెట్టె కొని, అందులో పక్షి గుడ్లు పెట్టేసి ఉంటే దాన్ని కదపకండి, తల్లి వదిలేసి పోవచ్చు. పైకప్పు మీద గోనెపట్ట మడిచి వేసి, పడమటివైపు ఏదైనా అడ్డం కట్టండి, కన్నానికి మాత్రం ఏదీ అడ్డం రాకూడదు. గుడ్డు నుంచి బయటికొచ్చాక పిచ్చుక పిల్లలు సుమారు రెండు వారాల్లో ఎగిరిపోతాయి. అప్పుడు పెట్టె దించి ఆ రేకు పీకేయండి.