నాలుగు చలికాలాల తర్వాత: పాత పికప్‌కి నేను మార్చిన రేడియేటర్ సపోర్ట్

ఉండేది ఒహాయోలో, క్లీవ్‌లాండ్ దగ్గర. బండి 2002 మోడల్ ఫుల్‌సైజ్ పికప్, వీ8 ఇంజిన్. దాని రేడియేటర్ కోర్ సపోర్ట్ తుప్పు పట్టి పాడైపోతే 2021 సెప్టెంబరులో పాతది నేనే ఊడదీసి, ఆన్‌లైన్‌లో 190 డాలర్లకు కొన్న ఆఫ్టర్‌మార్కెట్ (బండి కంపెనీది కాకుండా వేరేవాళ్లు చేసిన) స్టీల్ సపోర్ట్ బిగించాను. అప్పటి నుంచి నాలుగు చలికాలాలు, 31,000 మైళ్లు తిరిగింది. పార్సిల్ విప్పిన వారానికే ఐదు చుక్కలు ఇచ్చేసే రివ్యూలు చదివి నేను కొన్నాను, కానీ తుప్పు సంగతి వారంలో తేలదు కదా, అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

పేరు చూసి ఇదేదో రేడియేటర్‌ని పట్టుకునే రేకు అనుకోకండి. రేడియేటర్, ఏసీ కండెన్సర్, హెడ్‌లైట్లు, బానెట్ లాక్, రెండు ఫెండర్ల (ముందు చక్రాల పైనుండే రేకుల) ముందు కొసలు, అన్నీ దీనికే బిగించి ఉంటాయి, ఇది మాత్రం ఛాసిస్ (బండి అడుగున ఉండే ఉక్కు చట్రం) మీద రెండే రెండు రబ్బరు బుష్‌ల (మధ్యలో పెట్టే రబ్బరు దిమ్మల) మీద కూర్చుంటుంది. ఆ బుష్‌ల చుట్టూ ఉన్న రేకుని తుప్పు తినేస్తే బండి ముందు భాగమంతా కిందికి దిగుతుంది. నా బండిలో మొదట బానెట్‌కీ ఎడమ ఫెండర్‌కీ మధ్య సందు పెరిగింది. దాన్ని నేను పట్టించుకోలేదు. ఆ తర్వాత గుంతలో పడ్డప్పుడల్లా టకటకమని చప్పుడు, వాటర్ పంప్ పోయిందేమోనని రెండు వారాలు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే ఫ్యాన్ రెక్కలు దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగుకి, అంటే ష్రౌడ్‌కి, రాసుకుంటున్నాయి. ఫ్యాన్ ఇంజిన్ మీద ఉంటుంది, ఇంజిన్ ఛాసిస్ మీద ఉంటుంది, ష్రౌడ్ మాత్రం రేడియేటర్‌తో పాటు ఈ సపోర్ట్ మీద ఉంటుంది. సపోర్ట్ దిగితే ష్రౌడ్ కూడా దిగి ఫ్యాన్‌కి తగులుతుంది. పాత పికప్‌లో ఈ చప్పుడు వింటే ముందు టార్చ్ పట్టుకుని ఆ రెండు బుష్‌లు చూడండి.

ఇక్కడ తుప్పుకి కారణం వెతకక్కర్లేదు. క్లీవ్‌లాండ్ పక్కనున్న ఎరీ సరస్సు అడుగున, దాదాపు 1,800 అడుగుల లోతులో ఉప్పు గని ఉంది, మంచు కరగడానికి చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతూనే ఉంటారు. మా నాన్నగారిది ఉప్పాడ. సముద్రపు గాలికి కిటికీ ఊచలు పొలుసులు పొలుసులుగా రాలిపోతుంటే ప్రతి ఏడాదీ గీకి రెడ్ ఆక్సైడ్ వేసేవారు. నా బండి కింద చేత్తో తడిమితే రాలినవి అచ్చం ఆ పొలుసులే.

ఊడదీయడానికి రెండు వారాంతాలు పట్టింది. మూడు రోజుల ముందు నుంచే పొద్దున, సాయంత్రం ప్రతి బోల్టుకీ పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు పట్టిన బోల్టుల్ని వదులు చేసే నూనె) కొట్టాను. పైనున్న బోల్టులు వచ్చాయి, కింద ఛాసిస్‌కి పట్టిన రెండు పెద్ద బోల్టులు కదల్లేదు. పక్కనే రబ్బరు, పైన కూలెంట్ గొట్టాలు ఉన్నాయి కాబట్టి మంట పెట్టకుండా గ్రైండర్‌తో కోసేశాను. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పైపులు రేడియేటర్‌కి బిగించిన చోట ఒక్క పానాతో తిప్పితే నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరిగిపోతుంది, ఒక పానాతో ఫిట్టింగ్ పట్టుకుని రెండోదానితో నట్టు తిప్పాలి. ఏసీ పైపులు మాత్రం అసలు విప్పలేదు. ఆ గ్యాస్ గాల్లోకి వదలడం ఇక్కడ చట్టవిరుద్ధం, పైగా మళ్లీ నింపించే ఖర్చు వేరే. కండెన్సర్ బోల్టులు విప్పి, పైపులు వంగకుండా తాడుతో పక్కకి వేలాడదీసి పని కానిచ్చాను. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం, వీధిలో కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కాబట్టి నేల మీద చుక్క పడనివ్వకండి.

అన్నిటికంటే ముఖ్యమైన పని ఒక్క బోల్టు కూడా విప్పకముందే చేయాలి. రెండు ఫెండర్ల మధ్య దూరం, ఐమూలగా రెండు కొలతలు, బానెట్ సందులు టేపుతో కొలిచి రాసుకుని ఫోటోలు తీసుకోండి. నా బండి అప్పటికే దిగిపోయి ఉంది కాబట్టి కొలతలు బాగున్న కుడివైపు నుంచి తీసుకున్నాను. సపోర్ట్ బయటికి వచ్చాక ఫెండర్లకి ముందు ఆధారం ఉండదు, వాటి కింద చెక్క దిమ్మెలు పెట్టాను. ఆ రాత్రి కరెంటు బిల్లు వెనక రాసుకున్న అంకెలే నన్ను కాపాడాయి, ఎందుకంటే కొత్త పార్ట్‌కి ఎడమ ఫెండర్ రంధ్రం పావు అంగుళం పక్కకి ఉంది. ఫైలుతో రంధ్రాన్ని కొంచెం పొడవు చేసి, అన్ని బోల్టులూ వదులుగా పెట్టి, సందులు సరిచూసుకున్నాకే గట్టిగా బిగించాను.

ఇక పార్ట్ విషయానికి వస్తే, రేకు మందం పాతదానికి తగ్గలేదు, వెల్డింగులు శుభ్రంగా ఉన్నాయి. కానీ పైన ఉన్న నల్ల పూత గోటితో గీస్తే లేచిపోయింది, బోలుగా ఉన్న గొట్టాల లోపల అసలు పూతే లేదు. పాతది కుళ్లింది లోపలి నుంచే, కోసి చూశాను. అందుకని బిగించే ముందు పైన గీకి ఎపాక్సీ ప్రైమర్, దాని మీద ఛాసిస్ పెయింట్ వేసి, లోపలికి పొడవాటి ట్యూబుతో మైనం స్ప్రే చేశాను. ఈ పని చేయకుండా బిగిస్తే ఈ పార్ట్‌కి నేను రెండు చుక్కలు కూడా ఇవ్వను.

ప్రతి అక్టోబరులో చక్రం విప్పి బుష్‌ల దగ్గర చూస్తూ, ఉన్ని మైనంతో చేసే ఫ్లూయిడ్ ఫిల్మ్ కొడుతున్నాను. రెండో చలికాలం తర్వాత ఎడమ కింది మూలలో రూపాయి బిళ్లంత తుప్పు కనిపించింది. తప్పు నాదే, మైనం కొట్టినప్పుడు నీళ్లు కారే రంధ్రం మూసుకుపోయింది, లోపల ఉప్పు నీరు నిలిచింది. రంధ్రం తెరిచి, గీకి, మళ్లీ రంగు వేశాను, అక్కడితో ఆగింది. బ్యాటరీ ట్రే ఆనుకునే చోట పెయింట్ రాసుకుపోయి ఇంకో మచ్చ వచ్చింది, ఇప్పుడు మధ్యలో రబ్బరు ముక్క పెట్టాను. మిగతాదంతా గట్టిగానే ఉంది, స్క్రూడ్రైవర్ పిడితో కొడితే ఖంగుమంటోంది.

మొదట వేసిన చవక బుష్‌లు మాత్రం వద్దు. ఏడాదిన్నరకే పగిలాయి, ఫ్యాన్ చప్పుడు మళ్లీ మొదలవుతుందేమోనని భయపడి 2023లో మందపాటి రబ్బరువి వేశాను, ఈసారి బోల్టులకి యాంటీ-సీజ్ (బోల్టులు పట్టేయకుండా రాసే పేస్టు) పూశాను కాబట్టి మొన్న విప్పితే తేలిగ్గానే తిరిగాయి. షాపులో ఈ మొత్తం పనికి 1,900 డాలర్లు అడిగారు, నాకు పార్ట్, బుష్‌లు, రంగులు, కూలెంట్ కలిపి 340 అయ్యింది. అయితే ఛాసిస్‌లో ఆ బుష్‌లు కూర్చునే ముందు కొసల్నే తుప్పు తినేసి ఉంటే ఈ పార్ట్ కొనకండి, ముందు వెల్డర్‌కి చూపించండి. సుత్తితో రెండు దెబ్బలు కొడితే తెలిసిపోతుంది.