రెమింగ్టన్ 1871 ఆర్మీ పిస్టల్: తుపాకీ బంగారం, తూటాలతోనే తంటా

రెమింగ్టన్ వాళ్లు అమెరికా సైన్యం కోసం చేసిన ఒంటి తూటా పిస్టల్ ఇది. 8 అంగుళాల గొట్టం, అర అంగుళం గుండు. సుత్తిని వెనక్కి లాగి, దాని ముందున్న ఇనుప దిమ్మని బొటనవేలితో తిప్పి, తూటా పెట్టి మూసేయడమే, పేల్చినప్పుడు ఆ సుత్తే ముందుకొచ్చి దిమ్మ కింద గడియలా పడుతుంది. ఇన్నేళ్లైనా నా దాంట్లో దిమ్మ టక్కుమని కూర్చుంటోంది, కొత్త బీరువా తలుపులా.

గొడవంతా తూటాలతోనే. మామూలు షాపుల్లో దొరకవు, .50-70 అనే పాత అమెరికా రైఫిల్ తూటా తాలూకు ఇత్తడి కేసుల్ని (మందు, గుండు పట్టే గొట్టాల్ని) పొట్టిగా కోయించుకోవాలి. ఆన్‌లైన్‌లో ఒకాయన "దీనికే కోశాను" అని పంపిన ఇరవైలో ఆరు పొడవెక్కువ, దిమ్మ మూసుకోదు, అడిగితే కాస్త గట్టిగా నొక్కి చూడమన్నాడు! తుపాకీనండీ, సూట్‌కేసు కాదు.

పాతకాలపు నల్ల తుపాకిమందు తప్ప ఇప్పటి పొగరాని మందు దీని దగ్గరికి కూడా రానివ్వకండి, ఆ పాత ఇనుము తట్టుకోదు. పేలిస్తే దీపావళి రాత్రి వాకిలి వాసన, బోలెడు పొగ. అదే సాయంత్రం వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే తుప్పే.

పిస్టల్‌కి నాలుగున్నర స్టార్లు. కేసులకి ఒకటి, అదీ పార్శిల్ త్వరగా వచ్చినందుకు.