కార్డ్‌లెస్ ఫోన్లు: ఏ బ్యాండ్ కొనాలి, ఏది అటకెక్కించాలి

కార్డ్‌లెస్ ఫోన్ కొనేటప్పుడు అందరి కళ్లూ డిస్‌ప్లే మీద, స్పీకర్ మీద ఉంటాయి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే ఫ్రీక్వెన్సీని ఎవరూ చూడరు. లైన్లో గరగర వస్తుందా, పక్కింటివాళ్ల చెవిన మన మాటలు పడతాయా అన్నది తేలేది అక్కడే.

పాత 46/49 మెగాహెర్ట్జ్ అనలాగ్ సెట్టు ఇంకా పనిచేస్తున్నా పక్కన పెట్టేయండి. ఫోన్ లైన్‌కు తగిలించే బేస్ 46లో, చేత్తో పట్టుకునే హ్యాండ్‌సెట్ 49లో మామూలు ఎఫ్‌ఎం పద్ధతిలోనే మాటను పంపుతాయి. తొలి మోడళ్లలో ఉన్నవి 10 చానెళ్లే కాబట్టి పక్కింటి ఫోన్‌తో ఢీకొనడం మామూలు. అసలు చిక్కు బేస్‌తో. అవతలివాళ్ల గొంతుతో పాటు మన గొంతు కూడా లైన్ మీదుగా తిరిగి అందులోకి వస్తుంది. అందుకే రకరకాల ఫ్రీక్వెన్సీలు వెతికి వినే రేడియో స్కానర్ ఒక్కటి ఉన్నవాడికి సంభాషణ రెండు వైపులా వినిపించేది. 900 మెగాహెర్ట్జ్ అనలాగ్ సెట్లలో గొంతు బాగుంటుంది, గోప్యత మాత్రం అంతంతే.

2.4 గిగాహెర్ట్జ్ సెట్లకు వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ రెండూ శత్రువులే. ఓవెన్ తిరుగుతున్నంతసేపు బుర్రుమనే శబ్దమో మాట తెగడమో జరిగి, ఆపగానే పోతే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. 5.8 గిగాహెర్ట్జ్ అని రాసున్నవాటిలో కొన్ని ఒక దిశలో 2.4నే వాడతాయి. స్పెసిఫికేషన్ల పేజీలో రెండు ఫ్రీక్వెన్సీలు కనిపిస్తే వాటిని వదిలేయడమే మంచిది.

ఇప్పుడు కొనదగ్గవి డెక్ట్ (డిజిటల్ కార్డ్‌లెస్ ఫోన్ల ప్రమాణం) సెట్లే. యూరప్ రకం 1880–1900 మెగాహెర్ట్జ్‌లో, అమెరికా రకం 'డెక్ట్ 6.0' 1920–1930లో పనిచేస్తాయి. ఆ 6.0 ఒట్టి వ్యాపారపు పేరు, 6 గిగాహెర్ట్జ్ కాదు. విదేశాల నుంచి సెట్టు తెప్పించుకుంటే బ్యాండ్ తప్పకుండా చూడాలి. 1920 నుంచి పైన చాలా దేశాల్లో మొబైళ్లు టవర్‌కు సిగ్నల్ పంపే భాగం, అక్కడ ఈ ఫోన్ వాడితే నెట్‌వర్క్‌కు అడ్డు. డెక్ట్ బిజీ చానెల్‌ను తనే వదిలి ఖాళీదానికి మారుతుంది, అందుకే గోల తక్కువ. ఒక లోపం: 10 మిల్లీసెకన్లకు ఒకసారి పల్స్ పంపుతుంది కాబట్టి ఆంప్లిఫయర్ పక్కన పెడితే సెకనుకు 100 సార్ల లెక్కన జుయ్‌మని మోగుతుంది. హ్యాండ్‌సెట్‌ను రెండడుగులు జరిపి చూడండి.

లైన్లో రొద వస్తే ముందు కార్డ్‌లెస్ తీసేసి, అదే సాకెట్‌కు వైరున్న ఫోన్ పెట్టి వినండి. రొద అలాగే ఉంటే తప్పు లైన్‌ది. డీఎస్‌ఎల్ (ఫోన్ తీగ మీదే వచ్చే ఇంటర్నెట్) ఉన్న ఇంట్లో అయితే ఫోన్‌నూ ఇంటర్నెట్‌నూ విడదీసే స్ప్లిటర్‌ది కావచ్చు: బేస్ వైరు 'ఫోన్' అన్న రంధ్రంలోనే ఉండాలి, మోడెమ్ రంధ్రంలో కాదు. రొద పోతే ఈసారి కార్డ్‌లెస్‌తో నడిచి చూడండి. దూరం పెరిగే కొద్దీ పాడైతే రేడియో సమస్య. ఎక్కడైనా ఒకేలా హమ్ ఉంటే అడాప్టర్‌ను అనుమానించండి. డిజిటల్ సెట్లో బుస్సుమనే రొద రాదు, అక్షరాలు మింగేస్తుంది. బేస్‌ను రౌటర్‌కు కనీసం ఒక మీటరు దూరంలో, ఎత్తుగా, ఫ్రిజ్‌కూ ఇనుప బీరువాకూ ఎడంగా పెట్టాలి.

ఇక గోప్యత. డిజిటల్ అంటే భద్రం అని దుకాణాల్లో చెప్పే మాట నమ్మకండి. డెక్ట్ ప్రమాణంలో ఎన్‌క్రిప్షన్ (మాటను ఇతరులకు అర్థం కాని సంకేతంగా మార్చడం) ఉన్నా, దాన్ని ఆన్ చేయకుండానే వచ్చిన సెట్లు ఎన్నో. 2008 డిసెంబరులో పరిశోధకులు ల్యాప్‌టాప్‌లో పెట్టే చవక డెక్ట్ కార్డుతో అలాంటి కాల్స్ విని చూపించారు. ఆ ఎన్‌క్రిప్షన్ తాళంచెవి మొదట్లో 64 బిట్లే, తర్వాత వచ్చినది మరింత గట్టిది, 128 బిట్ల ఏఈఎస్ పద్ధతి. డబ్బా మీద డెక్ట్ సెక్యూరిటీ ముద్ర ఉందేమో, మెనూలో ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. కొన్ని మోడళ్లలో సిగ్నల్‌ను దూరం పంపే రిపీటర్ పెట్టుకుంటే ఎన్‌క్రిప్షన్ ఆపేయాల్సి వస్తుంది. రేంజి కోసం గోప్యత వదులుకునే ఆ బేరం మాకు నచ్చదు. ఎన్‌క్రిప్షన్ ఉన్నా అది హ్యాండ్‌సెట్ నుంచి బేస్ దాకానే, గోడలోని వైరు మీద మాట మామూలుగానే పోతుంది.

బ్యాటరీ విషయం ఒక్క మాట: సాధారణంగా 1.2 వోల్టుల ఏఏఏ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ రెండు పడతాయి. చార్జ్ చేయకూడని ఆల్కలైన్ సెల్స్ పెట్టి బేస్ మీద ఉంచితే చార్జింగ్‌కు అవి కారతాయి, పగిలిపోనూ వచ్చు.

కొన్నాక మొదట మార్చాల్సింది బేస్ పిన్. చాలావాటికి ఫ్యాక్టరీలో పెట్టేది 0000. పాత హ్యాండ్‌సెట్‌ను ఇంకొకరికి ఇచ్చేముందు బేస్ మెనూలో దాని రిజిస్ట్రేషన్ తీసేయండి. లేకపోతే రేంజిలో ఉన్నంతవరకు అది మీ లైన్ మీదే మోగుతుంది, మీ లైన్ మీదే డయల్ చేస్తుంది.