డయాలసిస్ మొదలయ్యాక మా హోమ్ లోన్ బ్యాంకు తీరు

ఇది ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు హోమ్ లోన్ సేవలపై రాస్తున్న సమీక్ష. బ్యాంకు పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపాల్లో కొన్ని మా బ్రాంచివి, కొన్ని దాదాపు అన్ని బ్యాంకుల్లోనూ ఉండేవి కాబట్టి ఒక్క బోర్డు మీద రాయి వేయడం సబబుగా తోచలేదు. వడ్డీ రేటుకూ, లోన్ చేతికి వచ్చేదాకా చూపిన మర్యాదకూ మంచి మార్కులే వేస్తాను. ఇంట్లో జబ్బు వచ్చి ఆదాయం తగ్గిన తర్వాత అందిన సేవకు సగం మార్కులు, లోన్‌తో పాటు అంటగట్టిన బీమాకు సున్నా.

నిజాంపేటలో ఫ్లాట్ కొన్నప్పుడు మావారి జీతమూ, ప్రైవేటు స్కూల్లో నా టీచరు జీతమూ కలిపి చూపించి, ఇద్దరి పేర్ల మీదా రుణం తీసుకున్నాము. నిరుడు ఆయనకు రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయని తేలింది. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. పూర్తికాలం ఉద్యోగం వదిలేసి, ఒంట్లో బాగున్న రోజుల్లో ఇంటి దగ్గరే నాలుగు గంటలు అకౌంట్లు రాస్తున్నారు. ఉద్యోగంతో పాటు కంపెనీ ఆరోగ్య బీమా పోయింది. తెల్ల రేషన్ కార్డు మాకు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ వర్తించలేదు. అప్పటికి అసలు 28 లక్షలు, కాలం 16 ఏళ్లు మిగిలి ఉన్నాయి. నెలకు కట్టేది 28,420 రూపాయలు.

ముందుగా బాగున్న సంగతి చెబుతాను. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులు ఇచ్చిన చలన వడ్డీ (మధ్యలో మారుతూ ఉండే వడ్డీ) గృహ రుణాలు బయటి ప్రామాణిక రేటుకు ముడిపడి ఉంటాయి. మాది రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటుకు ముడిపడినది. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రిజర్వు బ్యాంకు రెపోను 6.50 శాతం నుంచి 5.50 శాతానికి తగ్గించగానే, మేము అడగకుండానే మా వడ్డీ 9.5 నుంచి 8.5 శాతానికి దిగింది. అయితే బ్యాంకు కిస్తీని అలాగే ఉంచి కాలాన్ని కుదించింది. ఇద్దరం సంపాదిస్తున్న రోజుల్లో అయితే నేను కూడా అదే కోరుకునేదాన్ని, ఎందుకంటే మొత్తం మీద కట్టే వడ్డీ అలాగే ఎక్కువ తగ్గుతుంది. ఒక జీతం ఆగిపోయిన ఇంటికి మాత్రం పదిహేనో ఏట మిగిలే డబ్బు కంటే ఈ నెల చేతిలో ఉండే డబ్బే అవసరం. కాలం పాత 16 ఏళ్లకే ఉంచి కిస్తీ తగ్గించమని అడిగితే, కౌంటరులో ఉన్న ఉద్యోగి “సిస్టమ్ ఒప్పుకోదండీ” అన్నారు. అదే మాటను కాగితం మీద రాసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని, లోన్లు చూసే ప్రాసెసింగ్ సెంటరుకు పంపిన తర్వాత సిస్టమ్ ఒప్పుకుంది. కిస్తీ 26,726 అయింది. నెలకు దాదాపు 1,700 రూపాయలు మిగిలాయి, అంటే మందుల ఖర్చులో కొంత భాగం.

కాలం ఇంకా పొడిగించమని అడగండని బంధువులు సలహా ఇచ్చారు. ఈ విషయంలో కొత్తగా వచ్చిన మేనేజరు గారిని మెచ్చుకోవాలి. ఆయన కాలిక్యులేటరు మా వైపు తిప్పి లెక్క చూపించారు. 28 లక్షల మీద 8.5 శాతం అంటే ఒక్క నెల వడ్డీయే 19,833 రూపాయలు. ఎన్నేళ్లకు సాగదీసినా కిస్తీ అంతకంటే కిందికి దిగదు. 16 ఏళ్లను 20 ఏళ్లు చేస్తే కిస్తీ 24,299 అవుతుంది, అంటే నెలకు తగ్గేది 2,427 రూపాయలే. దానికి బదులుగా మొత్తం మీద అదనంగా కట్టేది దాదాపు 7 లక్షలు. అంతకంటే ముఖ్యమైన సంగతి, కట్టలేని పరిస్థితి వచ్చిందని చెప్పి కాలం పొడిగించుకుంటే దాన్ని రీస్ట్రక్చరింగ్‌గా (ఇబ్బందిలో ఉన్నవారికి రుణ షరతులు మార్చడంగా) లెక్కిస్తారు, ఒక్క కిస్తీ తప్పకపోయినా ఖాతా మొండి బాకీల జాబితాలోకి వెళుతుంది, ఇద్దరం రుణగ్రహీతలం కాబట్టి అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికల్లో ఇద్దరికీ ఆ మరక పడుతుంది. 2020లో కొవిడ్ సమయంలో ఇచ్చిన మారటోరియం (కిస్తీల వాయిదా), ఆ తర్వాతి ప్రత్యేక వెసులుబాటు ఇప్పుడు లేవు. అవి ఇంకా ఉన్నాయనుకుని బ్యాంకుకు వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారని కూడా ఆయన చెప్పారు. మేము పొడిగింపు వద్దనుకున్నాము.

నా ప్రధానమైన ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. ఇల్లు కట్టేటప్పుడు కొన్నాళ్లు కిస్తీ లేకుండా వెసులుబాటు ఇవ్వగలిగిన బ్యాంకు, చదువు పూర్తయ్యేదాకా విద్యా రుణం కిస్తీలను ఆపగలిగిన బ్యాంకు, ఆసుపత్రి కాగితాలు చూపించిన మనిషికి ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టే దారిని, ఖాతాకు మచ్చ పడకుండా, ఎందుకు చూపించలేదో నాకు అర్థం కాదు. నిబంధనలు రిజర్వు బ్యాంకువి కాబట్టి మేనేజరును తప్పు పట్టను. కానీ ఇరవై ఏళ్లకు అమ్మే వస్తువులో మనిషికి జబ్బు చేయవచ్చన్న ఊహ లేకపోవడం లోపమే.

కిస్తీ తేదీ వ్యవహారంలో మాత్రం తప్పు పూర్తిగా బ్యాంకుదే. మా ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే నాచ్ తేదీ 5. మావారి జీతం ఒకటో తారీకున పడేది కాబట్టి అప్పట్లో అది సరిపోయింది. నా స్కూలు జీతం పదో తారీకుకు గానీ పడదు. తేదీ మార్చమని ఉత్తరం ఇచ్చాము, అది ఫైలులో పడుకుంది, కిస్తీ బౌన్స్ అయింది. బౌన్స్ ఛార్జీ, దాని మీద జీఎస్టీ, ఆలస్యానికి పెనాల్టీ. మర్నాడు మావారు డయాలసిస్ కుర్చీలో ఉండగా బాకీ వసూలుకు ఫోను వచ్చింది. ఒక చేతికి ఫిస్టులాలో (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళంలో) రెండు సూదులు ఉన్నాయి, ఆ చేయి కదపకూడదు, రెండో చేతికి బీపీ పట్టీ. ఫోను నేను తీశాను. అవతలి అమ్మాయి తనకు జబ్బు సంగతి తెలియదంది, ఉత్తరం సంగతి తెలియదంది, ఆస్తి జప్తు అన్న మాట మాత్రం రెండుసార్లు అంది.

వసూలు ఫోన్లు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే చేయాలన్న నియమాన్ని ఆమె పాటించింది, దాన్ని కాదనను. జప్తు మాట మాత్రం ఉత్త బెదిరింపు. కిస్తీ ఆలస్యమైనప్పుడు బాకీ 90 రోజులు దాటితేనే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాతే, తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇవ్వాలి. దానికి మనం అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనానికి దిగితే 45 రోజుల్లోపు రుణ వసూళ్ల ట్రిబ్యునలుకు వెళ్లవచ్చు. తెలుగువారికి అది హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఉంది. మాది నాలుగైదు రోజుల ఆలస్యం. స్టాంపు వేసిన ఉత్తరం కాపీ జతచేసి ఫిర్యాదులు చూసే బ్యాంకు నోడల్ అధికారికి ఫిర్యాదు పంపాను, 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాస్తానని కూడా చేర్చాను. ఛార్జీలు వెనక్కి వేశారు, తేదీని 12కు మార్చారు. క్షమాపణ ఏమీ రాలేదు, దాని కోసం నేను ఎదురుచూడనూ లేదు.

ఇక బీమా. లోన్ మంజూరైన రోజున 84,000 రూపాయల ప్రీమియంతో ఒక పాలసీ జతచేశారు. “ఏం జరిగినా లోన్ వాళ్లే కట్టేస్తారు మేడం” అన్నది అప్పటి ఉద్యోగి మాట. ఆ ప్రీమియాన్ని కూడా లోన్‌లోనే కలిపారు కాబట్టి, 8.5 శాతం లెక్కన 20 ఏళ్లకు అది దాదాపు లక్షా 75 వేలు అవుతుంది. జబ్బు బయటపడ్డాక పాలసీ కాగితాలు తీసి చూస్తే అది మరణానికి మాత్రమే వర్తిస్తుంది. తీవ్ర వ్యాధులకు అదనంగా తీసుకోవలసిన రైడర్ దగ్గర గడి ఖాళీగా ఉంది. అలాంటి రైడర్లలో నిత్యం డయాలసిస్ అవసరమయ్యే కిడ్నీ వైఫల్యం గుర్తింపు పొందిన వ్యాధే. అంటే కొంచెం ఎక్కువ ప్రీమియంతో సరైన కాగితం అమ్మి ఉంటే ఈ సమీక్ష రాసే పని ఉండేది కాదు. రుణం కావాలంటే ఫలానా బీమా తీసుకుని తీరాలని ఏ బ్యాంకూ బలవంతం చేయకూడదు. లోన్‌కు వెళ్లేవారు ఆ గడి దగ్గర ఏముందో సంతకానికి ముందే చదవాలి.

ఉద్యోగం వదిలినప్పుడు వచ్చిన గ్రాట్యుటీలో ఖర్చులు పోగా 4 లక్షలు మిగిలాయి. వ్యక్తుల చలన వడ్డీ గృహ రుణాలకు ముందస్తు చెల్లింపు జరిమానా లేదు కాబట్టి దాన్ని లోన్‌లో వేయమని బ్యాంకు సలహా. వేసి ఉంటే కిస్తీ 3,800 రూపాయల వరకు తగ్గేది, లెక్క ప్రకారం అది తెలివైన పనే. మేము వేయలేదు. మావారి పేరు ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో నమోదై ఉంది. కిడ్నీ దొరికిందని కబురు వచ్చిన పూట ఆసుపత్రిలో కట్టడానికి డబ్బు కావాలి, లోన్‌లో వేసిన డబ్బును వెనక్కి ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. పైగా ఆ 4 లక్షలు చేతిలో ఉంటే 15 నెలల కిస్తీలకు దాదాపు సరిపోతాయి. కొన్ని బ్యాంకుల్లో ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాతో ముడిపెట్టిన గృహ రుణాలు ఉన్నాయి. వాటిలో మిగులు డబ్బు ఉంచితే అంతమేరకు వడ్డీ తగ్గుతుంది, కావలసినప్పుడు తీసుకోవచ్చు. వడ్డీ కాస్త ఎక్కువైనా ఇప్పుడు లోన్ తీసుకునేవారికి నేను దాన్నే చెబుతాను.

వేరే బ్యాంకుకు లోన్ మార్చుకోలేదా అని అడుగుతున్నారు. మార్చాలంటే కొత్త బ్యాంకుకు ఇప్పటి ఆదాయం చూపించాలి, ఒక్క టీచరు జీతం మీద 28 లక్షలు ఎవరూ ఇవ్వరు. రెపో మళ్లీ 2025 డిసెంబరులో 5.25 శాతానికి తగ్గింది. ఈసారి కూడా తగ్గింపును కాలంలో కాకుండా కిస్తీలోనే చూపమని రాసిచ్చిన ఉత్తరం ప్రాసెసింగ్ సెంటరులో ఉంది.