రెడీమేడ్ విడాకుల ఒప్పందం: ఆస్తుల దగ్గర అత్తెసరు, అప్పుల దగ్గర సున్నా

పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లోనూ, కోర్టుల బయట టైపింగ్ సెంటర్లలోనూ నమూనా ఒప్పందాలు అమ్ముతారు. హిందూ వివాహ చట్టం 13బి పిటిషన్‌కు కావలసిన మామూలు మాటలు వాటిలో బాగానే ఉంటాయి: ఏడాదికి పైగా విడిగా ఉన్నాం, ఇక కలిసి బతకలేం, ఇద్దరికీ సమ్మతమే. ఆస్తీ అప్పూ లేని జంటకు అంతకంటే అక్కర్లేదు. ఫ్లాటో, హోమ్ లోనో ఉంటే మాత్రం ఆ కాగితాన్ని నమ్ముకోవద్దు.

నమూనాలో 'వైవాహిక ఆస్తి చెరిసగం' అన్న క్లాజు కనిపిస్తే అది అమెరికా ప్రతి నుంచి ఎత్తుకొచ్చిందనుకోవచ్చు. మన దగ్గర పెళ్లయ్యాక సంపాదించిందంతా సగం సగమనే సూత్రం లేదు. మామూలుగా ఎవరి పేరున దస్తావేజు ఉంటే ఆస్తి వాళ్లది. స్త్రీధనం, భరణం వేరే లెక్కలు. అంటే పంపకం బరువంతా మీరు రాసుకునే క్లాజుల మీదే పడుతుంది.

ఉమ్మడి ఫ్లాటు విషయంలో నమూనా రాసేది ఒక్క వాక్యం: 'భర్త ఫ్లాటు ఉంచుకుని భార్యకు సగం విలువ చెల్లించును.' ఏ విలువలో సగం? 80 లక్షల ఫ్లాటు మీద 50 లక్షల లోన్ ఉంటే పంచుకోవడానికి మిగిలింది 30 లక్షలు, సగం 15. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఒకరు 40 అడుగుతారు, ఇంకొకరు 15 అంటారు. లోన్ బాకీ ఏ తేదీ నాటిదో, పిటిషన్ వేశాక విడాకులు వచ్చేదాకా నడిచే నెలల్లో ఈఎంఐ ఎవరు కడతారో కూడా అందులో ఉండాలి.

అసలు లోపం అప్పుల దగ్గర. 'ఇకపై లోన్ బాధ్యత భర్తదే' అన్న మాట మీ ఇద్దరినే కట్టిపడేస్తుంది, బ్యాంకును కాదు. ఆయన ఈఎంఐ ఎగ్గొడితే కో-అప్లికెంట్‌గా ఉన్న ఆమె సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది, నోటీసు ఆమెకూ వస్తుంది. ఆమె పేరు తీయించాలంటే ఆయన ఒక్కడి జీతం మీద అర్హత ఉందని బ్యాంకు ఒప్పుకోవాలి. లేదంటే లోన్‌ను ఆయన పేరుతో వేరే బ్యాంకుకు మార్చాలి, లేదా ఇల్లు అమ్మి తీర్చాలి. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) వచ్చాకే హక్కు విడుదల పత్రం అన్న వరుస ఒప్పందంలో కనబడాలి. ఒరిజినల్ దస్తావేజులు ఎటూ బ్యాంకు దగ్గరే ఉంటాయి.

రిజిస్ట్రేషన్ ఎప్పుడన్నది ఇంకో చిక్కు. భార్యాభర్తలుగా ఉండగా ఇచ్చే గిఫ్ట్‌కు ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపు ఉంది; డిక్రీ (విడాకుల తీర్పు) తర్వాత మాజీ భార్య, మాజీ భర్త ఆ బంధువుల జాబితాలోకి రారు. అలాగని మొదటి మోషన్ రోజే, అంటే పిటిషన్ వేసి ఇద్దరూ తొలిసారి కోర్టులో అంగీకారం చెప్పే రోజే రాసిచ్చేస్తే, డిక్రీ వచ్చేదాకా ఎదుటివాళ్లు అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే రెండో మోషన్‌కు (ఇద్దరూ మళ్లీ అంగీకారం చెప్పే రోజుకు) కాస్త ముందు పత్రం రిజిస్టర్ చేసి, మిగిలిన సొమ్ము డీడీలు ఆ రోజు కోర్టులోనే చేతులు మారేలా రాసుకోవడం మేలు. డిక్రీతోనే పని కానిద్దామనుకుంటే డోర్ నంబరు, హద్దులు, స్థలంలో అవిభాజ్య వాటాతో సహా షెడ్యూల్ పిటిషన్‌లోనే ఉండాలి. పిటిషన్‌లో లేని స్థిరాస్తి రాజీలోకొస్తే ఆ డిక్రీకి రిజిస్ట్రేషన్ తప్పదు.

బంగారం క్లాజు ప్రమాదకరం: 'భార్య నగలన్నీ అందుకున్నది.' అందకముందే సంతకం పెడితే తర్వాత అడగడానికి నోరుండదు. నగ పేరు, గ్రాములు, ఏ లాకరులో ఉంది అన్నది వరుసగా రాయాలి. గోల్డ్ లోన్‌లో ఉన్నవాటికి లోన్ ఖాతా నంబరు, ఎవరు ఏ తేదీలోగా విడిపించాలన్నది కావాలి.

పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం గురించి ఈ నమూనాల్లో ఊసే ఉండదు. ఢిల్లీలో తయారైన ప్రతికి ఆ మాటే తెలియదు మరి. నోటిమాటగా ఇచ్చి, పాస్‌బుక్ అల్లుడి పేరున ఉంటే సర్వే నంబరుతో సహా ఆ భూమిని ఒప్పందంలోకెక్కించి, ఆమె పేరున రిజిస్టర్ చేయించే క్లాజు పెట్టాలి.

చిట్టీలూ అంతే. ఇంకా పాడని చిట్టీ ఆస్తి, పాడుకున్నది అప్పు. పాడినప్పుడు ఒకరికొకరు షూరిటీ సంతకం పెట్టి ఉంటే విడాకులు వచ్చినా ఆ పూచీ పోదు. చిట్టీ కంపెనీ ఒప్పుకుని వేరే షూరిటీని తీసుకోవాలి.

నామినీల మార్పు కూడా వీటిలో లేదు. బీమా, బ్యాంకు ఖాతాల నామినేషన్ విడాకులతో దానంతటదే రద్దవదు. భర్త తన మీద తీసుకున్న పాలసీ 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద ఉంటే, దాని లబ్ధి భార్యాపిల్లలది. అది ఆయన వాటా లెక్కలోకి రాదు.